దాచిన దుడ్డు ఎవరిది?

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. ఆ సామెత కాలువ పారే చోట పుట్టి ఉండాలి. మా అనంతపురం జిల్లా రాప్తాడు చుట్టుపక్కల నారు పోసే మడి అరుదు. ఉన్నదంతా ఎర్రనేల, దాంట్లో చెనక్కాయ. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన, అదైనా కుదురుగా పడదు. ఆరుద్ర కార్తెలో ఒక పదును ఇచ్చి విత్తనం వేయిస్తుంది, ఊడలు దిగే వేళకు మొహం చాటేస్తుంది, కాయ పీకి వామి వేసినాక వచ్చి తడిపి పోతుంది. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అవతలే పిండేసుకుంటాయని బడిలో చదువుకున్నాం. కారణం తెలిసినంత మాత్రాన వాన రాదు కదా. ఇట్లాంటి నేల మీద బతికే మనిషి రేపటికని నాలుగు దుడ్లు దాచుకుంటే, అది దేవుడి మీద నమ్మకం చాలకపోవడమా?

ఈ ప్రశ్న నేను కల్పించుకున్నది కాదు. ధనుర్మాసంలో మా ఊరి భజన గుడికి పురాణం చెప్పడానికి వచ్చిన ఒక పెద్దాయన భాగవతం ఏకాదశ స్కంధంలోని అవధూత కథ ఎత్తుకున్నాడు. యదు మహారాజుకు అవధూత తన ఇరవై నలుగురు గురువులను గురించి చెబుతాడు. వాళ్లలో తేనెటీగ ఒకటి. అది పువ్వు పువ్వుకూ తిరిగి కూడబెడుతుంది, తాను తినదు, చివరికి తేనె తీసేవాడు వచ్చి పట్టుకుపోతాడు. కాబట్టి సాయంత్రానికనీ రేపటికనీ దాచవద్దని అవధూత నేర్చుకున్నాడు. ఇంతవరకూ బాగానే ఉంది. అక్కడితో ఆగకుండా ఆ పెద్దాయన, రేపటికి దాచేవాడు దేవుణ్ణి శంకించినట్టే అన్నాడు. నా చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు తలలూపారు. వాళ్లలో చాలామంది పొదుపు పుస్తకాలు నా చేతిరాతలోనే ఉన్నాయి. మా ఊరి పొదుపు సంఘాలకు లెక్కలు రాయడం నా పని. ఆ రాత్రి నాకు ఆ మాట మింగుడు పడలేదు.

అవధూత చెప్పింది ఎవరికోసం? ఇల్లు విడిచిన భిక్షువు కోసం. అతని చెయ్యే అతని పాత్ర, కడుపే అతని గాదె. అతను దాచుకుంటే నిజంగానే తప్పు, ఎందుకంటే అతని పూట గడవడం ఎవరో గృహస్థు వండుకున్న దాంట్లోంచి జరుగుతుంది. ఆ గృహస్థు కూడా రేపటి సంగతి వదిలేస్తే భిక్షువుకు పెట్టేదెవరు? అదే భాగవతంలో, ఎనిమిదో స్కంధంలో, గృహస్థుకు వేరే లెక్క ఉంది. వామనుడు మూడడుగులు అడిగినప్పుడు శుక్రాచార్యుడు బలి చక్రవర్తిని ఆపుతూ ఒక మాట చెబుతాడు. సొమ్మును ఐదు వాటాలు చేయాలట. ధర్మానికి ఒకటి, మంచి పేరుకు ఒకటి, మళ్లీ పెట్టుబడికి ఒకటి, తన సుఖానికి ఒకటి, తనవాళ్లకు ఒకటి. అట్లా పంచుకున్నవాడు ఇక్కడా అక్కడా సుఖంగా ఉంటాడని. పురాణం చెప్పేవాళ్లు ఈ చోటికి వచ్చేసరికి శుక్రుణ్ణి లోభిగా చూపించి, దర్భపుల్లతో కన్ను పోగొట్టించి, ముందుకు పోతారు. ఆ ఐదు వాటాల మాట మీద ఒక నిమిషం కూడా నిలబడరు. నాకైతే ఆ స్కంధంలో నిలబడాల్సిన చోటు అదే.

మూడో వాటా, మళ్లీ పెట్టుబడికి అన్నది, మా ఇళ్లలో ఎట్లుంటుందో చూడాలంటే విత్తనకాయల మూట దగ్గరికి రావాలి. కాయ పీకి, ఎండబెట్టి, చెవి దగ్గర పెట్టుకొని ఆడిస్తే లోపల గింజ గలగలమనేదాకా ఆరనిచ్చి, పుచ్చులూ తాలూ ఏరేసి, మంచికాయను గోనెసంచిలో కుట్టి ఇంట్లో తేమ తగలని మూల పెడతారు. ఒలిచి పెట్టరు. ఒలిచిన గింజ నిలవదు, మొలక చచ్చిపోతుంది. అందుకని కాయగానే ఉంచి, విత్తే ముందు పదిమంది ఆడవాళ్లు వసారాలో కూర్చొని ఒలుస్తారు. వేలి గోరుతో చీల్చడంలో కూడా పద్ధతి ఉంది. గింజ మీది ఎర్రపొర చిట్లితే ఆ గింజ భూమిలో కుళ్లుతుంది. ఎకరాకు అర క్వింటాలు దగ్గర దగ్గర గింజ పడుతుంది. జొన్న, కొర్ర పిడికెడు వేస్తే సంచులు పండుతాయి. చెనక్కాయ అట్లా కాదు, వేసేది ఎక్కువ, తిరిగి వచ్చేది దానికి కొన్ని రెట్లు మాత్రమే. అందుకే ఆ మూట అంత బరువు, అంత విలువ.

ఆ మూటను ఆకలైనా ముట్టరు. మా అవ్వ చెప్పేది, ఆమె చిన్నప్పుడు ఒక కరువేడు ఇంట్లో రాగులు అయిపోయి జిల్లేడుకాయంత సంగటి ముద్ద నలుగురు పంచుకున్నారట, విత్తనకాయల మూట మాత్రం కుట్టు విప్పలేదట. పిల్లలు రాత్రి ఆ మూట పక్కనే పడుకున్నారట. వినేవాళ్లకు ఇది క్రూరంగా తోచవచ్చు. నాకు ఇది పూజ కంటే తక్కువగా తోచదు. ఆ కాయలు అప్పటికి వాళ్లవి కావు. వచ్చే ఆరుద్రకు ఆ చేలో కూలికి వచ్చేవాళ్లవి, చెనక్కట్టె తినే ఎద్దులవి, ఇంకా పుట్టని పిల్లలవి. వాళ్ల చేతిలో ఉన్నది కాపలా మాత్రమే. వాన కురుస్తుందన్న నమ్మకం ఆవగింజంతైనా లేకపోతే ఆకలి కడుపుతో విత్తనం ఎవరు కాపాడతారు? నమ్మకం లేనివాడు ఆ రాత్రే వేయించుకు తింటాడు. దాచడమంటే శంక అని చెప్పిన పెద్దాయనతో నాకు తగాదా ఇక్కడే. ఈశావాస్య ఉపనిషత్తు మొదటి మంత్రంలోనే ధనం ఎవరిదని అడుగుతుంది. ఆ ప్రశ్నకు విత్తనకాయల మూట ఇచ్చినంత సూటి జవాబు నేను ఇంకెక్కడా చూడలేదు.

ఐదు వాటాలు వినడానికి బాగుంటాయి, ఆదాయమే లేనివాళ్ల సంగతేమిటని అడగవచ్చు. దానికి తర్వాత వస్తాను. ముందు బోరు సంగతి చెప్పాలి, ఎందుకంటే మా వైపు ఇళ్లలో దాచిన దుడ్లను మింగింది సారాయి కంటే, పెళ్లిళ్ల కంటే ఎక్కువగా బోర్లే.

పాయింటు చూసేవాడు అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరుగుతాడు. నీటి జాడ ఉన్నచోట టెంకాయ నిక్కి నిలబడుతుందని నమ్మిక. అక్కడ సున్నం చల్లి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి బోరు లారీని పిలుస్తారు. అడుగుకు ఇంతని రేటు. మూడు వందల అడుగులకు తెల్ల దుమ్ము, నాలుగు వందలకు తెల్ల దుమ్ము. ఆరు వందల దగ్గర ఆపుదామా అంటే, ఇంతదాకా వచ్చి ఆపితే ఎట్లా, ఇంకో యాభై అంటారు చుట్టూ నిలబడినవాళ్లు. తెల్లారేసరికి అదే దుమ్ము ఇంటిల్లిపాది తల మీదా ఉంటుంది. ఒకటి పడకపోతే చేని ఇంకో మూల ఇంకొకటి. పడితే మోటారు, పైపులు, కేసింగు. రెండేళ్లకు పక్క చేనువాడు ఇంకా లోతుకు వేస్తే ఇది ఎండుతుంది. రైతును అత్యాశపరుడని తిట్టే వ్యాసాలు చదివినప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎండుతున్న చెట్టు ముందు నిలబడి నీళ్లు కోరుకోవడం అత్యాశ ఎట్లా అవుతుంది? అది ఆశే. నా అభ్యంతరం ఇంకోచోట ఉంది.

ఒకసారి సంఘం మీటింగులో ఒకామె లక్ష రూపాయల అప్పు అడిగింది. మా సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. అప్పు అడిగే మనిషి ఎందుకోసమో అందరి ముందూ నోరు విప్పి చెప్పాలి, అప్పుడే తీర్మానం రాస్తాం.

"ఏంటికమ్మా?" అన్నాను.

"బోరుకు అక్కా."

"నువ్వేమంటావు? వేయడమే మంచిదంటావా?"

ఆమె కాసేపు నా పుస్తకం వైపు చూసింది. "నన్నెవరడిగినారక్కా," అంది.

మెడలో ఉండాల్సిన గొలుసు అప్పటికే బ్యాంకులో కుదవ ఉంది. దాన్ని పెట్టినప్పుడు కూడా ఎవరూ అడగలేదు. బలి చక్రవర్తి కథలో నేను మరచిపోలేని మనిషి వింధ్యావళి. బలి సర్వస్వం ధారపోయడానికి సిద్ధమైనప్పుడు ఆయన భార్య బంగారు కలశంతో నీళ్లు తెచ్చి ఇస్తుంది, వటువు కాళ్లు కడగడానికి. ఇంటి సొమ్ము ఇంకొకరికి పోతున్నప్పుడు ఇంటి ఇల్లాలు నీళ్లు పట్టుకొని పక్కన నిలబడి ఉంది. శుక్రుడి మాట కాదన్నా బలి ఇచ్చిన దానానికి గౌరవం వచ్చిందంటే, ఆ కలశానికి కూడా దాంట్లో పాలుందని నా నమ్మకం. మా ఊళ్లలో బోరు దగ్గర ఆ కలశం కనబడదు. ఇద్దరూ కూర్చొని లెక్క చూసుకొని, పోతే పోనీ అని ఇద్దరూ అనుకొని వేసిన బోరు ఎండినా ఆ ఇల్లు నిలబడుతుంది. అడగకుండా వేసిన బోరులో నీళ్లు పడినా, ఆమె గొలుసు గురించి ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఎవరూ ఎత్తని మాట ఒకటి మిగిలిపోతుంది. ఆ రోజు మేం అప్పు తీర్మానం రాయలేదు. భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకొని రండి, తర్వాతి మీటింగుకు రాస్తామన్నాం. ఆయనకు కోపం వచ్చింది. వచ్చినా వచ్చాడు, అరుగు మీద కూర్చొని లెక్క చెప్పాడు. చివరికి బోరు వద్దనుకొని రెండు పాడి ఆవులు తెచ్చుకున్నారు.

రాప్తాడులో పండమేటి వెంకటరమణ స్వామి ఉన్నాడు, ఆపైన తిరుమల ఉండనే ఉంది, కాబట్టి మా ఇళ్లలో ముడుపు లేని దేవునిగూడు ఉండదు. పిల్లకు జ్వరం వస్తే, ఎద్దు పడిపోతే, కోర్టు వాయిదా ఉంటే, పసుపు గుడ్డలో రూపాయి బిళ్లలు కట్టి స్వామికి మొక్కుకుంటారు. కొండకు పోయి హుండీలో వేసేదాకా ఆ ముడి విప్పకూడదు. మా అత్తకు అట్లాంటి ముడుపు ఒకటి ఉండేది, ఏళ్లుగా పెరుగుతూ చిన్న కుంకుమభరిణంత నుంచి పిడికెడు దాకా వచ్చింది. ఒక ఎండాకాలం పక్కింటి కోడలికి నొప్పులు కష్టమై అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చింది. జీపు మాట్లాడేందుకు ఎవరి దగ్గరా చిల్లిగవ్వ లేదు. మా అత్త స్నానం చేసి వచ్చి, దేవునిగూటి ముందు చేతులు జోడించి, "స్వామీ, నీ దుడ్లు అప్పుగా తీసుకుంటాండా, వడ్డీతో కడతా," అని ముడి విప్పింది. బంధువుల్లో కొందరు అపచారమన్నారు. దేవుడి సొమ్ము ముట్టిన ఇల్లు బాగుపడదన్నారు.

నేను ఈ సంగతి గురించి చాలా ఆలోచించాను. మన స్థలపురాణం ప్రకారం శ్రీనివాసుడే పద్మావతి పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. కలియుగం పొడుగునా వడ్డీ కడుతున్నాడని వడ్డికాసులవాడని పిలుస్తాం. ఇన్ని లోకాలు ఏలే దేవుణ్ణి బాకీదారుగా ఊహించుకున్న జాతి మనది. చేతిలో లేనప్పుడు పక్కవాడిని అడగడంలో ఉండే ఇబ్బంది ఆయనకు తెలుసునని నమ్ముతాం. అట్లాంటి స్వామి పురుటి నొప్పుల కోసం ఒక పేదింటి ముడుపు విప్పితే కోపగించుకుంటాడని నేను అనుకోలేను. అత్త దొంగిలించలేదు, అడిగి తీసుకుంది, వడ్డీ ఒప్పుకుంది. పక్కింటివాళ్లు కాయ అమ్మినాక తెచ్చిచ్చారు. ఆమె దానికి ఇంకో పదకొండు రూపాయలు కలిపి మళ్లీ ముడి వేసింది. ముడుపు దాచిన ఆమెది కాదు, ఆమె దగ్గర ఉంది, అంతే. స్వామిదైతే ఆయన ఎవరికి అవసరమో వాళ్లకు ఇప్పించాడు.

ఇదే పురాణాన్ని ఇంకో పనికి కూడా వాడుకుంటారు. స్వామే అప్పు చేసి పెళ్లి చేసుకున్నాడు, మనమెంత అంటూ నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, కల్యాణమండపం మాట్లాడి, ఊరంతా ఫ్లెక్సీలు కట్టిస్తారు. నూటికి రెండంటే పదివేలకు నెలకు 200, ఏడాదికి 2,400. ఐదు లక్షలకు లెక్క వేసుకుంటే ఎకరాల చెనక్కాయ వడ్డీకే పోతుంది. స్వామి అప్పు చేసిన మాట నిజమే. ఆ అప్పును ఆయన పిల్లల నెత్తిన పెట్టి పోలేదు, తానే నిలబడి కడుతున్నాడు. పురాణంలో ఈ సగం కూడా చెప్పాలి.

మా సంఘంలో ఒక ముస్లిం చెల్లెలు ఉంది. రంజాన్ వచ్చేముందు నా దగ్గర కూర్చొని తన పొదుపూ, బంగారమూ లెక్క వేయించుకుంటుంది. ఒక హద్దు దాటి, ఏడాదిపాటు చేతిలో నిలిచిన సొమ్ము మీద నూటికి రెండున్నర జకాత్ తీయాలి. ఆ లెక్క చేసేటప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. జకాత్ పడేది ప్రధానంగా దాచిన సొమ్ము మీద. అంటే దాచుకోవద్దని వాళ్ల ధర్మం అనలేదు. దాచినదాంట్లో ఇంకొకరి భాగం ముందే చేరి ఉందని, ఏడాదికోసారి దాన్ని వేరు చేసి ఇవ్వాలని అంది. వడ్డీ ఆమెకు నిషిద్ధం. సంఘంలో అప్పుల మీద వచ్చే వడ్డీలో తన భాగం తీసుకోనని, బడిపిల్లల నోటుపుస్తకాలకు ఇమ్మని మొదటే చెప్పింది. మేం అట్లాగే రాసుకున్నాం. గూగూడు కుళ్లాయిస్వామికి పీర్ల పండుగలో ఆమె ఇంటివాళ్లూ మా ఇంటివాళ్లూ కలిసి చక్కెర చదివిస్తాం. సొమ్ము విషయంలో కూడా మేం కలిసేచోటు ఇంత దగ్గరగా ఉందని పుస్తకాలు రాస్తేగానీ తెలియలేదు.

దానం చేయాలన్నా ముందు దాచినది ఉండాలి. 1866 కరువులో మన సీమలోనే ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన ధాన్యమంతా వెచ్చించి వేలమందికి అన్నం పెట్టించాడు. విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం వచ్చింది. పాటలు ఆయన పెట్టిన చేతిని పొగుడుతాయి. పెట్టడానికి ముందు ఏళ్ల తరబడి గాదెల్లో నింపిన చేతులు ఎవరివో పాటలో ఉండదు. దానం చేసిన రోజు ఒక్కటే కనబడుతుంది. పదేళ్లకే ధాత కరువు వచ్చింది, 1876 నుంచి 78 దాకా. అప్పుడు గాదెలు ఖాళీ అయిన ఊళ్లలో దయగలవాళ్లకు కూడా పెట్టడానికి ఏమీ లేకపోయింది.

ఇప్పుడు ఆదాయమే లేనివాళ్ల సంగతి. సెంటు భూమి లేనివాళ్లు, కాయ పీకుడు అయిపోగానే మూటాముల్లె సర్దుకొని బెంగళూరు పోయి సిమెంటు తట్టలు మోసేవాళ్లు. వాళ్ల ముందు పొదుపు గురించి నీతులు చెప్పడం పాపం. ఉపాధి హామీ పథకం మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న మొదలైంది. ఆ కూలి పోస్టాఫీసులోనో బ్యాంకులోనో తమ పేరు మీద పడిన తర్వాతే మా ఊళ్లో చాలామంది కూలి ఆడవాళ్లకు దాచుకోవడమనే మాట తమకు కూడా వర్తిస్తుందని తెలిసింది. అంతకుముందు వాళ్లు ఖర్చుపెట్టేసేవాళ్లని కాదు, వాళ్ల చేతికే వచ్చేది కాదు. ఆ లోటును గుణదోషంగా చూపించడం నేను సహించలేను.

మా వీధి చివర ఒక అవ్వ ఉంది, భూమి లేదు, కొడుకులు బెంగళూరులో. 2024 జూలై నుంచి పింఛను నాలుగు వేలైంది. ప్రతి నెలా దాంట్లో కొంత తీసి నా చేత రాయించి వేరుగా పెట్టించుకుంటుంది. ఎందుకంటే తన మట్టి ఖర్చుకట. తాను పోయినరోజు కొడుకులు ఎవరి గడపా తొక్కకూడదు, గుడ్డకూ గంధానికీ తప్పెటవాళ్లకూ తన దుడ్లే ఉండాలి. మా వైపు ముసలి ఆడవాళ్లలో ఈ జాగ్రత్త చాలామందికి ఉంది. ఇంతకంటే సొంతమైన పొదుపు ఉండదని నేను అనుకునేదాన్ని. మొన్న జూన్‌లో ఎదురింటి పిల్లకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది, ఫీజుకు ఎనిమిది వేలు తక్కువైంది. అవ్వ నా దగ్గరికి వచ్చి తన దాంట్లోంచి ఇమ్మంది.

"అవ్వా, అది నీ మట్టి ఖర్చు కదా," అన్నాను.

"ఆ పాప ఈడనే ఉంటాది కదా పాపా. నేను పోయేలోగా ఇస్తాది. ఇయ్యలేకపోతే ఆ పొద్దు నలుగురూ కలిసి మోయరా నన్ను?"

వడ్డీ రాయవద్దంది. నేను పుస్తకంలో పేరు, తేదీ, ఎనిమిది వేలు రాసి, వడ్డీ గడిలో సున్నా పెట్టి, ఆమె వేలిముద్ర తీసుకున్నాను. దేవుడి మీద నమ్మకం ఎట్లుంటుందో భజన గుడిలో ఇంకోసారి చర్చ వస్తే ఆ పేజీ తీసుకుపోయి చూపిస్తాను. పిల్ల సెలవులకు వచ్చినప్పుడల్లా చెన్నెకొత్తపల్లి వైపు టమోటా కూలికి పోయి కొంత కొంత కడుతోంది. ఇంకా మూడు వేలు బాకీ ఉంది.